పాఠం 17: జ్వరం నీరసమా, పక్షవాతమా?

17.1 పరిచయం

అభ్యాసకులారా! ఇంతకు ముందు రెండు పాఠాల్లో జలుబు, ఫ్లూ, కోవిడ్ వంటి శ్వాసకోశ వ్యాధుల గురించి, ఆ తరువాత గుండె, రక్తనాళాల గురించి చదివారు. ఈ రెండూ వేరువేరు విషయాలని మీకు అనిపించి ఉండవచ్చు. ముక్కుకూ గొంతుకూ ఊపిరితిత్తులకూ పట్టిన వైరస్‌కి మెదడులోని రక్తనాళంతో ఏం పని? పని ఉంది. ఆ సంగతే ఈ పాఠం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఫ్లూ, కోవిడ్ వంటి జ్వరాలు వచ్చిన రోజుల్లో పక్షవాతం ముప్పు ఎందుకు పెరుగుతుందో వివరించగలుగుతారు. జ్వరం వల్ల వచ్చే నీరసానికీ పక్షవాతానికీ తేడా గుర్తించగలుగుతారు. మొదటి గంటలో ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పగలుగుతారు. పక్షవాతం వచ్చిన మనిషి కోలుకోవడంలో ఇంట్లోవారు చేయగలిగిన పనులు తెలుసుకుంటారు.

పాఠాన్ని ఒక్కసారే చదివేయకండి. 17.5 భాగాన్ని మాత్రం ఇంట్లో చదువురాని పెద్దవాళ్లు ఉంటే వాళ్లకు బిగ్గరగా చదివి వినిపించండి.

17.2 బిలాస్‌పూర్‌లో ఒక ఇల్లు

ఈ కోర్సు చదువుతున్నవారు తెలుగు రాష్ట్రాల బయట కూడా ఉన్నారు. అందుకని ఈ పాఠానికి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను తీసుకుందాం. ఇది రైలుతో పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ నాగ్‌పూర్ నుంచి తూర్పుకు వేసిన ప్రధాన మార్గం మీద ఇది పెద్ద జంక్షన్. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇక్కడే ప్రధాన కార్యాలయం ఉంది. అదే కంపెనీ విశాఖపట్నం వైపు కూడా రైళ్లు నడిపేది. 1931లో విజయనగరం - రాయ్‌పూర్ మార్గం పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనులకు వచ్చిన కుటుంబాల మనుమలూ మునిమనుమలూ ఇవాళ బిలాస్‌పూర్‌లో ఉన్నారు. రైల్వే కాలనీల్లో, బుధవారి బజారులో తెలుగు మాట వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, డ్యూటీలో హిందీ, కూరగాయల బేరంలో ఛత్తీస్‌గఢీ. ఈ మూడు భాషల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

అటువంటి కాలనీలో ఒక ఇంటిని ఊహించుకోండి. ఇంటి పెద్ద పట్టాల మీద కీమన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. వయసు అరవై మూడు. పదేళ్లుగా బి.పి. మాత్రలు వేసుకుంటున్నాడు. వానాకాలం. మనవడు బడి నుంచి దగ్గు, జ్వరం తెచ్చాడు. రెండు రోజులకు తాతకూ వచ్చింది. ఒళ్లు నొప్పులు, అన్నం సయించదు, నీళ్లు కూడా సరిగా తాగడం లేదు. "జ్వరం మాత్రలు మింగుతున్నాను, మళ్లీ ఇవెందుకు, వేడి చేస్తుంది" అని బి.పి. మాత్రలు ఆపేశాడు. నాలుగో రోజుకు జ్వరం దిగింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు.

ఆరో రోజు పొద్దున ఏడు గంటలకు టీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. ఏదో అన్నాడు గాని మాట ముద్దగా వచ్చింది. భార్య కంగారుపడి పక్కింటావిడను పిలిచింది. "నాలుగు రోజులు కడుపులో ఏమీ లేదు కదా వదినా, నీరసం. గ్లూకోజు నీళ్లు పట్టించు, కాసేపు పడుకోనీ" అంది ఆమె. కొడుకు గూడ్స్ బండి మీద డ్యూటీలో ఉన్నాడు, ఫోను దొరకలేదు. మధ్యాహ్నం లేపబోతే కుడికాలు కూడా కదల్లేదు. ఆటో మాట్లాడి ఆస్పత్రికి చేరేసరికి రెండు దాటింది.

ఈ ఇంట్లో ఎవరూ అశ్రద్ధ చేయలేదు. అందరూ తమకు తెలిసింది చేశారు, ప్రేమగానే చేశారు. అయినా ఏడు గంటలు పోయాయి. వాళ్లను పొరపాటు పట్టించింది ఒకే ఒక్క మాట: నీరసం. జ్వరం తరువాత నీరసం సహజం కాబట్టి, వచ్చిన ప్రతి మార్పునూ ఆ మాట కిందికే తోసేశారు.

17.3 పక్షవాతం అంటే ఏమిటి?

మెదడుకు నిరంతరం రక్తం అందాలి. ఏదో ఒక భాగానికి రక్తం అందకపోతే ఆ భాగం చేసే పని ఆగిపోతుంది. దీన్నే పక్షవాతం అంటాం. బిలాస్‌పూర్‌లో లక్వా అంటారు. ఆస్పత్రిలో స్ట్రోక్ అంటారు.

ఇది రెండు రకాలు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడడం వల్ల వచ్చేది మొదటిది. ఎక్కువమందికి వచ్చేది ఇదే. రక్తనాళం చిట్లి మెదడులో రక్తస్రావం కావడం రెండోది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎంత అనుభవమున్న డాక్టరైనా సి.టి. స్కాన్ చూడకుండా ఏది ఏదో గట్టిగా చెప్పలేరు. మొదటి రకానికి గడ్డను కరిగించే మందు ఇస్తారు. అదే మందు రెండో రకానికి ఇస్తే ప్రాణానికే ప్రమాదం. స్కాన్ లేని చోటికి రోగిని తీసుకువెళితే కాలం వృథా అవుతుందని చెప్పేది ఇందుకే.

మెదడు ఎడమ భాగం శరీరం కుడి వైపును నడిపిస్తుంది, కుడి భాగం ఎడమ వైపును నడిపిస్తుంది. చాలామందిలో మాట కూడా ఎడమ భాగంలోనే ఉంటుంది. మన కీమన్‌కు కుడిచేయి, మాట కలిసి పోవడానికి కారణం అదే. ఒక పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అంచనా వేశారు. నిమిషానికి అంతైతే, ఏడు గంటలకు ఎంతో మీరే లెక్క కట్టి చూడండి.

17.4 జ్వరానికీ మెదడుకూ సంబంధం ఏమిటి?

వైరస్ మీద శరీరం చేసే పోరాటం ఊపిరితిత్తులతో ఆగదు. ఒళ్లంతా వాపు లక్షణం పుడుతుంది. ఈ వాపు కంటికి కనిపించేది కాదు, రక్తంలో ఉండేది. గాయమైతే రక్తం గడ్డకట్టడానికి పనికివచ్చే పదార్థాలు ఈ సమయంలో రక్తంలో పెరుగుతాయి. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. నునుపుగా ఉండాల్సిన గొట్టం లోపల గరుకుగా మారినట్లు అనుకోండి. అప్పటికే బి.పి., షుగర్, పొగాకు వల్ల గోడలకు కొవ్వు పేరుకుని ఉంటే, ఆ పేరుకున్నది పగిలి దాని మీద గడ్డ కట్టవచ్చు. కొందరిలో జ్వరం వల్ల గుండె లయ తప్పుతుంది. లయ తప్పిన గుండెలో గడ్డలు కట్టి, అవి కొట్టుకుపోయి మెదడులో ఇరుక్కోవచ్చు. చిన్నప్పటి కీళ్లవాతం వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్నవారు మన దేశంలో చాలామంది ఉన్నారు. వారికి ఈ ముప్పు నడివయసులోనే రావచ్చు.

దీనికి తోడు ఒంట్లో నీరు తగ్గుతుంది. జ్వరానికి చెమట పడుతుంది, మనిషి నీళ్లు తాగడు, రక్తం చిక్కబడుతుంది. వేసవిలో ఎండ పేలే బిలాస్‌పూర్‌లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కాన్పయిన కొద్ది వారాల్లో ఉన్న బాలింతలకు మెదడులోని సిరల్లో గడ్డ కట్టే అవకాశం మామూలుగానే ఎక్కువ. వాళ్లకు జ్వరం వచ్చినప్పుడు, నీళ్లు తాగితే బాలింతకు మంచిది కాదంటూ నోరు కట్టేసే ఆచారం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. అది ప్రమాదకరం.

ఇదంతా ఊహ కాదు. 2004లో బ్రిటన్ పరిశోధకులు అక్కడి కుటుంబ వైద్యుల దగ్గర ఉన్న రికార్డులను పరిశీలించారు. ఊపిరితిత్తుల దాకా దిగిన ఇన్ఫెక్షన్ వచ్చినవారికి మొదటి మూడు రోజుల్లో పక్షవాతం వచ్చే అవకాశం, అదే మనుషులకు మామూలు రోజుల్లో ఉండేదానికన్నా మూడు రెట్లకు పైగా ఉందని తేలింది. గుండెపోటుకైతే దాదాపు ఐదు రెట్లు. ఆ తరువాత వారాలు గడిచేకొద్దీ ఈ ముప్పు మెల్లగా దిగింది. అదే పరిశోధనలో ఫ్లూ టీకా వేయించుకున్న తరువాతి రోజులను కూడా చూశారు. టీకా తరువాత అటువంటి పెరుగుదల ఏదీ కనిపించలేదు. "సూది వేయించుకుంటే పక్షవాతం వస్తుందట" అనే మాట మీ వీధిలో వినిపిస్తే ఈ సంగతి చెప్పండి.

కోవిడ్ వచ్చాక ఇదే విషయం ఇంకా స్పష్టమైంది. 2020లో న్యూయార్క్‌లో ఆస్పత్రికి వచ్చిన 1,916 మంది కోవిడ్ రోగులలో 31 మందికి గడ్డ వల్ల పక్షవాతం వచ్చింది. పోలిక కోసం తీసుకున్న 1,486 మంది ఫ్లూ రోగులలో ముగ్గురికి మాత్రమే వచ్చింది. స్వీడన్‌లో 86 వేలకు పైగా కోవిడ్ రోగుల లెక్కలు చూసి 2021లో ప్రచురించారు. మొదటి వారంలో ఈ రకం పక్షవాతం ముప్పు, లెక్క కట్టే పద్ధతిని బట్టి, మూడు నుంచి ఆరు రెట్లు పెరిగినట్లు తేలింది. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో విడత ఛత్తీస్‌గఢ్‌ను తీవ్రంగా దెబ్బతీసింది. ఊపిరి గురించిన భయమే అందరిలో నిండి ఉన్న ఆ రోజుల్లో, మూతి వంకర పోవడమో చెయ్యి జారడమో ఎవరి కంట పడుతుంది?

మూడు రెట్లు అనగానే భయపడకండి. రెట్లు అనే మాటను సరిగా చదవడం నేర్చుకుందాం. ఒక పెద్దాయనకు ఏడాదిలో పక్షవాతం వచ్చే అవకాశం నూటికి ఒకటి అనుకుందాం. ఏడాదిలో మూడేసి రోజుల ముక్కలు సుమారు 122 ఉంటాయి. కాబట్టి ఏదో ఒక మూడు రోజుల్లో వచ్చే అవకాశం దాదాపు 12 వేలలో ఒకటి. జ్వరం వల్ల అది మూడు రెట్లయితే సుమారు 4 వేలలో ఒకటి అవుతుంది. అంటే జ్వరం వచ్చిన పెద్దవాళ్లలో దాదాపు అందరూ ఏ పక్షవాతమూ లేకుండానే లేచి తిరుగుతారు. కానీ ఫ్లూ కాలంలో ఒక పట్టణంలో వేలమందికి జ్వరాలు వస్తాయి. అప్పుడు ఆ ఒక్కరు ఎవరో ఒకరి ఇంట్లో ఉంటారు. భయపడాల్సినంత లేదు, కనిపెట్టి చూడాల్సినంత ఉంది.

పాఠ్యగత ప్రశ్నలు 17.1

1. సి.టి. స్కాన్ తీయకుండా పక్షవాతానికి మందు ఇవ్వడం ఎందుకు ప్రమాదకరం?
2. జ్వరంలో నీళ్లు తాగకపోవడానికీ పక్షవాతానికీ సంబంధం ఏమిటి?
3. ఒక మనిషికి ఏదైనా మూడు రోజుల్లో ఉండే ముప్పు 20 వేలలో ఒకటి. అది నాలుగు రెట్లయితే ఎంత?

17.5 తేడా ఎలా గుర్తించాలి?

గుర్తు మన మాటలోనే ఉంది. పక్షం అంటే ఒక వైపు. జ్వరం నీరసం ఒంటినంతా పట్టుకుంటుంది. రెండు చేతులూ బరువుగా ఉంటాయి, రెండు కాళ్లూ లాగుతాయి, మనిషి మెల్లగా నీరసిస్తాడు. పక్షవాతం చాలావరకు ఒక పక్షాన్నే పడుతుంది. అదీ ఉన్నట్టుండి. నిన్న రాత్రి దాకా, ఇందాకటి దాకా బాగున్న చెయ్యి ఇప్పుడు లేదు. నీరసం నిద్రపోతే, తింటే, తాగితే కొంత తగ్గుతుంది. పక్షవాతం గ్లూకోజు నీళ్లకు తగ్గదు.

అనుమానం వస్తే మూడు పనులు చేయించండి, నిమిషం పట్టదు. నవ్వమనండి. మూతి ఒక పక్కకు లాగుతోందా? కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపమనండి. ఒక చెయ్యి కిందికి జారుతోందా? తన పేరు, ఇవాళ ఏ వారమో చెప్పమనండి. మాట ముద్దగా ఉందా, పొంతన లేకుండా ఉందా, మీరు అన్నది అర్థం కాలేదా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇక ఆలోచించకండి. కొందరికి ఈ మూడూ బాగానే ఉండి, హఠాత్తుగా చూపు పోవచ్చు, నిలబడితే తూలిపోవచ్చు, మునుపెన్నడూ లేనంత తలనొప్పి రావచ్చు. వీటినీ అలాగే చూడాలి.

నాలుగో పని గడియారం చూడడం. ఆ మనిషి చివరిసారి బాగా ఉన్నట్లు చూసింది ఎన్ని గంటలకు? కాగితం మీద రాయండి. నిద్రలేచేసరికే లక్షణాలు ఉంటే, రాత్రి పడుకున్న వేళ రాయాలి. డాక్టరు మొట్టమొదట అడిగేది ఇదే. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, ఎంత ముందిస్తే అంత మేలు. పెద్ద గడ్డను గొట్టం ద్వారా లాగి తీసే చికిత్స ఆరు గంటల లోపు, కొందరికి 24 గంటల దాకా కూడా చేస్తారు. అది పెద్ద ఆస్పత్రులలోనే దొరుకుతుంది. కాబట్టి ఆలస్యమైపోయింది కదా అని ఇంట్లోనే ఉంచేయడం కూడా తప్పే.

పది నిమిషాల్లో చెయ్యి తిరిగి వచ్చేసిందా? దేవుడి దయ అనుకుని ఊరుకోకండి. అది హెచ్చరిక. తరువాతి కొద్ది రోజుల్లో అసలైన పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

17.6 మొదటి గంటలో

108కి ఫోను చేయండి. లేదా అందిన బండిలో, రాత్రీ పగలూ సి.టి. స్కాన్ తీసే ఆస్పత్రికి వెళ్లండి. నోట్లో ఏమీ పోయవద్దు. టీ, గ్లూకోజు, మందు, చివరకు తులసి నీళ్లు కూడా వద్దు. మింగే కండరాలు పడిపోయి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందే వైరస్‌తో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు ఇది మరీ చెరుపు. వాంతి అవుతుంటే, తెలివి లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. షుగర్ ఉన్న మనిషైతే, ఇంట్లో మీటరు ఉంటే చూడండి. షుగర్ బాగా పడిపోయినా ఇవే లక్షణాలు కనిపించవచ్చు. మీటరు కోసం వెతుకుతూ కూర్చోకండి.

బి.పి. ఎక్కువగా ఉందని అదనంగా ఒక మాత్ర వేసి దించబోకండి. అడ్డుపడిన చోటు దాటి రక్తాన్ని నెట్టడానికి శరీరమే బి.పి. పెంచుకుని ఉండవచ్చు. ఆస్పిరిన్ కూడా స్కాన్ తరువాతే. ఇక పావురం రక్తం పూయడం, వేడి నూనెతో రుద్దడం, మంత్రం వేయించడం. వీటి గురించి వాదించే వేళ అది కాదు. ఇంటి పెద్దలు పట్టుబడితే "ముందు స్కాన్ తీయిద్దాం పిన్నీ, తరువాత మీరు చెప్పినట్టే చూద్దాం" అని బండి ఎక్కించండి. ఆ గంటలో గెలవాల్సింది వాదనలో కాదు.

కృత్యం: మీ ఇంటికి దగ్గరలో రాత్రి కూడా సి.టి. స్కాన్ తీసే ఆస్పత్రి ఏది? ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటు అక్కడ ఉందా? రైల్వే ఆస్పత్రి కార్డు గానీ ఆయుష్మాన్ కార్డు గానీ అక్కడ చెల్లుతుందా? ఈ వారంలో వెళ్లి అడిగి, ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. బయట డ్యూటీలు చేసేవారి ఇళ్లలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అవసరం పడిన వేళ ఇంట్లో ఉండేది తరచుగా ఆడవాళ్లూ పిల్లలూ మాత్రమే.

17.7 కోలుకోవడం

పోయిన కణాలు తిరిగి రావు. కానీ మిగిలిన మెదడు కొత్త దారులు వేసుకుంటుంది. పట్టా తెగితే బండిని లూప్ లైను మీదుగా తిప్పినట్లు. ఈ పని మొదటి మూడు నెలల్లో వేగంగా, ఆ తరువాత నెమ్మదిగా జరుగుతుంది. ఆరు నెలలు దాటితే ఇక ఏమీ రాదన్నది నిజం కాదు. వచ్చేది తక్కువగా వస్తుంది, అంతే.

తొందర కూడా పనికిరాదు. మొదటి 24 గంటల్లోనే లేపి పదే పదే ఎక్కువసేపు నడిపించిన రోగులకు మేలుకు బదులు ఫలితం తగ్గిందని, ఐదు దేశాల్లో రెండు వేలమందికి పైగా రోగులతో చేసి 2015లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. ఎప్పుడు కూర్చోబెట్టాలో, ఎప్పుడు నిలబెట్టాలో ఆస్పత్రివారు చెబుతారు. కొద్దిసేపు, ఎక్కువసార్లు అన్నది మంచి పద్ధతి. ఫ్లూ, కోవిడ్ తరువాత వచ్చిన పక్షవాతంలో ఇది ఇంకా ముఖ్యం. రోగికి దగ్గు, ఆయాసం, అలసట మిగిలి ఉంటాయి. ఆయాసం వస్తుంటే ఆపండి. పది నిమిషాలు చేయించి అరగంట విశ్రాంతి ఇవ్వండి. వైరస్ తెచ్చిన అలసటను బద్ధకం అని తిట్టవద్దు.

ఇంట్లో చేసే పనులు చిన్నవే, కానీ వాటి మీదే చాలా ఆధారపడి ఉంటుంది. పడిపోయిన చేతిని పట్టుకుని లేపకండి. భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. నడుము దగ్గర పట్టు ఇచ్చి లేపాలి. కూర్చున్నప్పుడు ఆ చేయి వేలాడకుండా దిండు మీద పెట్టండి. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, లేకపోతే పుండ్లు పడతాయి. అన్నం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా పెట్టండి. చాలామందికి పల్చటి నీళ్లకన్నా చిక్కటి జావ తేలిగ్గా దిగుతుంది. మింగితే దగ్గు వస్తున్నా, గొంతు తడిసినట్లు మారినా ఆపి డాక్టరుకు చెప్పండి.

పడిపోయిన చేతికి పని చెప్పండి. బంతిని పిసకడం కన్నా బఠాణీలు వలవడం, గ్లాసు పట్టుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం మేలు. నిత్యం చేసే పని అయితే మెదడుకు త్వరగా గుర్తుకువస్తుంది. ఇక్కడ ఆడవాళ్లకు ఒక మాట. జాలితో అన్నీ మీరే చేసిపెడితే ఆయన చెయ్యి నేర్చుకునేది ఎప్పుడు?

అయితే ఇల్లే సర్వస్వం అనుకోకూడదు. మన దేశంలోనే 14 ఆస్పత్రులలో 1,250 మంది రోగులతో ఒక పరిశోధన జరిగింది. సగం మంది కుటుంబసభ్యులకు వ్యాయామాలు చేయించడం నేర్పి పంపారు. ఆరు నెలల తరువాత చూస్తే రెండు గుంపుల్లోనూ ఫలితం ఒకేలా ఉంది. ఈ ఫలితం 2017లో వచ్చింది. కుటుంబం చేసే సేవ వృథా అని దీని అర్థం కాదని నా అభిప్రాయం. ఫిజియోథెరపిస్టు పనిని ఇంటివారి నెత్తిన పెట్టేసి చేతులు దులుపుకోవడం చాలదని అర్థం. వారానికి ఒకటి రెండుసార్లయినా ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

మాట పోయినవారి సంగతికి వద్దాం. మాట రాకపోవడం, తెలివి లేకపోవడం ఒకటి కాదు. ఆయనకు మీరు అనేది అర్థమవుతూ ఉండవచ్చు. ఆయన ఎదుటే "ఇక లాభం లేదు" అని మాట్లాడకండి. చిన్న వాక్యాలతో అడగండి, జవాబుకు సమయం ఇవ్వండి, అవును కాదు అని తల ఊపే ప్రశ్నలు వేయండి. రెండు మూడు భాషలు వచ్చిన మనిషికి ఒక భాష ముందుగా, మరొకటి వెనకగా రావచ్చు. తెలుగు రాక ముందే డ్యూటీ హిందీ వచ్చిందనుకోండి, ఇంట్లోవారు నొచ్చుకోకుండా ఆ హిందీలోనే పలకరించాలి. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో 608 మంది రోగుల వివరాలతో 2016లో ఒక పరిశోధన వెలువడింది. పక్షవాతం తరువాత ఆలోచన, జ్ఞాపకశక్తి మామూలుగా నిలిచినవారు ఒకే భాష వచ్చినవారిలో నూటికి 20 మంది, రెండు భాషలు వచ్చినవారిలో నూటికి 40 మంది. మాట పోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా కనిపించలేదు. బిలాస్‌పూర్ వంటి ఊళ్లలో మన పిల్లలకు తెలుగు ఎందుకు అని అడిగేవారికి ఇది కూడా ఒక జవాబు కావచ్చు!

సుమారు ముగ్గురిలో ఒకరికి పక్షవాతం తరువాత మనసు కుంగిపోతుంది. ఊరికే ఏడవడం, తినకపోవడం, వ్యాయామానికి రాననడం దాని గుర్తులు. దీనికీ మందు ఉంది.

ఉద్యోగం సంగతి. సర్వీసులో ఉన్న ఉద్యోగి సిక్‌లో ఉండి, రైల్వే డాక్టరు ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చాకే డ్యూటీకి వెళతాడు. బండి నడిపే పనికి వైద్య నియమాలు కఠినంగా ఉంటాయి, ఉండాలి కూడా. పాత పనికి ఫిట్ కాకపోయినంత మాత్రాన ఉద్యోగం పోదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు, చేయగలిగిన వేరే పని ఇవ్వాలి. ఈ సంగతి తెలియక భయంతో రాజీనామా కాగితం మీద సంతకం పెట్టవద్దు. కాంట్రాక్టు మీద పట్టాల పని చేసేవారికి ఇంత రక్షణ లేదు. జ్వరం పూర్తిగా తగ్గకముందే పనిలోకి వచ్చేది కూడా ఎక్కువగా వాళ్లే.

17.8 జ్వరం రోజుల్లో జాగ్రత్తలు

బి.పి., షుగర్, గుండె మందులు జ్వరంలో మీ అంతట మీరు ఆపకండి. వాంతులు, విరేచనాలు ఎక్కువై ఒళ్లు తూలుతుంటే డాక్టరును అడిగి మార్చుకోవాలి. జ్వరానికి, నొప్పులకు పారాసిటమాల్ చాలు. ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని జలుబు మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు బి.పి. పెంచుతాయి. ఫినైల్‌ప్రొపనాలమీన్ అనే మందు వల్ల ఆడవాళ్లలో మెదడు రక్తస్రావం ముప్పు పెరుగుతుందని 2000 సంవత్సరంలో అమెరికాలో తేలింది. అందుకని దుకాణంలో మాత్ర అడిగేటప్పుడు "నాకు బి.పి. ఉంది" అని ముందే చెప్పండి. గుండె డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పినవారు తప్ప అందరూ తరచుగా నీళ్లు, గంజి, మజ్జిగ తాగాలి. బీడీ, ఖైనీ, గుడాఖు మానడానికి జ్వరం వచ్చిన వారం మంచి అదను, నోటికి అవి ఎలాగూ రుచించవు. అరవై దాటినవారు, షుగర్, గుండె జబ్బు ఉన్నవారు ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి. మన దేశంలో ఫ్లూ వానాకాలంలోనూ చలికాలం చివరలోనూ ఎక్కువ. కాబట్టి వానలకు ముందే అడగడం మంచిది.

పాఠ్యగత ప్రశ్నలు 17.2

1. జ్వరం తగ్గిన ఐదో రోజున ఒకామెకు ఎడమచేయి పది నిమిషాలు పనిచేయక, తిరిగి మామూలైంది. ఇంట్లోవారు ఏం చేయాలి?
2. రాత్రి పది గంటలకు బాగానే పడుకున్న మనిషి, పొద్దున ఐదింటికి మూతి వంకరతో లేచాడు. డాక్టరుకు ఏ సమయం చెప్పాలి?
3. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీంచి లేపేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలి? ఎందుకు?

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

17.1
1. గడ్డ అడ్డుపడినదో, రక్తస్రావమో పైకి చూసి చెప్పలేం. గడ్డను కరిగించే మందు రక్తస్రావం ఉన్నవారికి ఇస్తే ప్రాణాపాయం.
2. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది.
3. 5 వేలలో ఒకటి.

17.2
1. మామూలైనా సరే అదే రోజు ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.
2. రాత్రి పది గంటలు. అప్పటివరకే ఆయన బాగున్నట్లు తెలుసు. మధ్యలో ఎవరైనా లేపి మాట్లాడి, బాగానే ఉన్నట్లు చూసి ఉంటే ఆ వేళ చెప్పాలి.
3. నడుము దగ్గర. చేయి పట్టి లాగితే భుజం కీలు జారుతుంది.